వద్దన్న చెంబెడు నీళ్ళు

దగ్గరికి జరగండి పిల్లలూ, ఇంకా దగ్గరికి. సంచులు గోడవారగా పెట్టేసి బాసింపట్టు వేసుకుని కూర్చోండి. చెంగమ్మా, నీ పక్కన ఇద్దరికి చోటుంది, కాస్త సర్దుకో తల్లీ. పెద్దవాళ్ళు కొందరు అరుగు అంచునే నిలబడిపోయారు. మీరూ కూర్చోండి. కథ పిల్లలకి చెబుతున్నట్టే ఉంటుంది గాని, దీని బరువు మోయాల్సింది మీరే.

పినాకపాణి అని ఒక ముసలి ఇంజనీరు ఉండేవాడు. ఊళ్ళకు తాగునీళ్ళు ఎలా తేవాలి, ఏ ఊరికి ముందు తేవాలి అని తేల్చే పనిలో ఆయన జుట్టు నెరిసింది. ఉద్యోగం చాలించాక ఒక చిన్న టౌనులో రెండు గదుల ఇంట్లో కాలం గడుపుతుండేవాడు. శాఖలో కొత్తగా చేరిన వాళ్ళు ఆయన దగ్గరికి వచ్చి పోతుండేవాళ్ళు, గురువుగారు అని పిలిచేవాళ్ళు. అయితే ఆయన నోరు విప్పి పాఠం చెప్పగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. ఎవరైనా ఏదైనా అడిగితే కాసేపు వాళ్ళ ముఖం చూసి, లేచి చెప్పులు వేసుకునేవాడు. అడిగినవాళ్ళు వెనకాల నడవాలి, అంతే. "గురువుగారిని ప్రశ్న అడిగేముందు మన చెప్పులు గట్టివో కావో చూసుకోవాలి" అని కుర్ర ఇంజనీర్లు తమలో తాము నవ్వుకునేవాళ్ళు. ఆయన బల్ల మీద నల్లగా నునుపు తేలిన ఒక కొబ్బరిచిప్ప ఉండేది. ఎవరైనా తెలియక అందులో పెన్ను వేస్తే, ఏమీ అనకుండా తీసి పక్కన పెట్టేవాడు.

కార్తీకమాసంలో ఒక శనివారం సాయంత్రం వకుళ అనే అమ్మాయి ఆయన ఇంటికి వచ్చింది. ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. నలభై ఊళ్ళకు తాగునీటి పథకం వేసేముందు ఊరూరా తిరిగి చూసి రమ్మని ప్రభుత్వం ఒక అధ్యయనం మంజూరు చేసింది. దాని బాధ్యత వకుళ నెత్తిన పడింది. పని చిన్నదేం కాదు. ఆ కాగితాల్లో 'అవసరం' అని పడిన ఊరికి గొట్టం వస్తుంది. 'అవసరం లేదు' అని పడిన ఊరి వైపు ఇంకో పదేళ్ళు ఎవరూ తొంగిచూడరు. సోమవారం పెద్దఊరి బావి దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టాలి. ఉగాదిలోపల నివేదిక పైకి పోవాలి.

"సార్, తలా ఒక మాట చెబుతున్నారు. మా పై అధికారి బ్యానరు పెద్దదిగా ఉండాలంటారు. సర్వే వాళ్ళు ముందు మ్యాపు కావాలంటారు. డ్రైవరు మాత్రం దిష్టికి నిమ్మకాయ కట్టకపోతే జీపు కదలదంటున్నాడు" అంది వకుళ. నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "మీరు చెప్పండి సార్. ఇలాంటి పని ఎలా మొదలుపెడితే బాగా మొదలైనట్టు?"

పినాకపాణి ఆమె చేతిలోని సర్వే ఫారం తీసుకుని చదివాడు. తాగునీటి ఆధారం అన్న చోట వరసగా ఐదు గడులున్నాయి: బావి, బోరు, కొళాయి, చెరువు, వంక. ఏది ఉంటే దాని ఎదుట టిక్కు పెట్టాలి. ఆ ఐదు గడుల మీదా ఆయన బొటనవేలు మెల్లగా జరిగి, చివరి గడి దగ్గర ఆగిపోయింది.

"ఇది ఎవరు తయారుచేశారమ్మా?"

"పాతదే సార్. ఎప్పటినుంచో ఇదే నడుస్తోంది. తేదీలు మార్చి రెండువేలు అచ్చు వేయించాం."

ఆయన ఫారం మడిచి ఇచ్చేశాడు. చాలాసేపు కొబ్బరిచిప్ప వంక చూస్తూ కూర్చున్నాడు. వకుళ ఆయన చెప్పుల వంక చూసింది.

"ఇప్పుడు బస్సు లేదు. రేపు పొద్దున్నే రా" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఎర్రబస్సెక్కారు. రెండు గంటల ప్రయాణం. దిగాక మైలు దూరం కంకర దారి. కార్తీకమాసమైనా తొమ్మిదింటికే ఎండ చుర్రుమంటోంది. వకుళ తన నీలంరంగు స్టీలు బాటిల్ మూత తీసి రెండుసార్లు ఆయనకు అందించింది. ఆయన వద్దని తల ఊపాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, అయినా వద్దన్నాడు. పెద్దాయనకు ఎంగిలి పట్టింపు కాబోలనుకుంది వకుళ.

దారి మలుపు తిరగగానే నారవంక కనిపించింది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయేమో, వంక నడిమి పాయ నిండా పారుతోంది. ఎండకు నీళ్ళు తళతళమంటున్నాయి. ఈ గట్టు మీదే తొమ్మిదో పదో కొట్టాలున్నాయి. బోదగడ్డి కప్పులు, మట్టిగోడలు, ఒకచోట సిమెంటు దిమ్మకు బిగించిన ఒక కొళాయి. గుమ్మం ముందు ఇంత నీరు పెట్టుకున్న వాళ్ళకు ఏం కొదవ అనుకుంది వకుళ. అలవాటుకొద్దీ చిన్న పుస్తకం తీసి, నారవంక కొట్టాలు, ఆధారం వంక, కొళాయి, దూరం ఎనభై గజాలు, కొరత లేదు అని రాసుకుంది. పినాకపాణి ఆమె రాస్తున్నంతసేపూ ఆగి నిలబడ్డాడు. ఏం రాశావని అడగలేదు.

చివరి కొట్టం ముందు ఒక ముసలామె రాగులు చెరుగుతోంది. పేరు ఓబులమ్మ. ఎనభై దాటి ఉంటాయి. అడుగుల చప్పుడుకు చేట దించి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవురు? పినాకపాణేనా?"

"నేనేనమ్మా."

"ఈ తూరి ఆలస్యమైనావే. సచ్చినావేమో అనుకుంటి."

"ఇంకా లేదమ్మా."

"నేనూ లేదు. మనిద్దరికీ ఆ పనికి తీరిక దొరకలేదు" అని ఓబులమ్మ చీర కొంగుతో నులకమంచం దులిపింది. "ఎవురీ పాప? నీ మనవరాలా?"

"కాదమ్మా. మా ఆఫీసు పిల్ల. నేను చేసిన పనే చేస్తుంది."

ఓబులమ్మ వకుళను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. లోపలికి పోయి, మెరిసేలా తోమిన ఇత్తడి చెంబు నిండా నీళ్ళు తెచ్చి, ముందు ఆ అమ్మాయికే చాచింది. "ఎండలో వచ్చినారు. తాగు పాపా."

"వద్దవ్వా, నా దగ్గర నీళ్ళున్నాయి" అంది వకుళ మర్యాదగానే, బాటిల్ పైకెత్తి చూపిస్తూ.

చెంబు చాచిన చెయ్యి అలాగే గాలిలో నిలిచిపోయింది. ఓబులమ్మ పినాకపాణి వైపు చూసింది. ఆయన నేలచూపులు చూస్తున్నాడు.

"ఇను నాయనా, ఇను" అంది ఓబులమ్మ. నవ్వింది గాని, ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "అచ్చు నీ మాటే. ఒక్క అక్షరం తేడా లేదు. జీపులో క్యాను ఉండాదమ్మా అంటివి నువ్వు. ఈ పాప చేతిలో ఉండాదంటాది. క్యాను చిన్నదయింది, అంతే."

వకుళకు విషయం తెలియలేదు గాని, తను ఏదో తొక్కరానిది తొక్కానని మాత్రం తెలిసింది. ముఖం ఎర్రబడింది. బాటిల్ మంచం మీద పెట్టేసి, రెండు చేతులతో చెంబు అందుకుని తాగింది. నీళ్ళు చల్లగా, తేటగా ఉన్నాయి. బయట పారే వంక ఎర్రబురద. ఈ నీళ్ళలో మాత్రం చెంబు అడుగున ఉన్న సొట్ట కూడా కనిపిస్తోంది. సగం తాగి, ఆగి, చెంబులోకి చూసి అడిగింది.

"ఈ నీళ్ళు ఎక్కడివవ్వా?"

ఓబులమ్మ మిగిలిన సగం చెంబు పినాకపాణికి ఇచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని చివరి చుక్కదాకా తాగాడు.

"ఈ మాట అడిగేదానికి మీ ఆఫీసుకు నలభై ఏండ్లు పట్టింది" అంది ఓబులమ్మ. "రా పాపా, చూపిస్తా."

ముగ్గురూ వంకలోకి దిగారు. పారే నీటికి పది అడుగుల దూరంలో, ఇసుకలో మోకాటి లోతు గుంట ఉంది. అంచులు చేత్తో సర్ది నున్నగా చేసి ఉన్నాయి. అడుగున నీళ్ళు మెల్లగా ఊరుతున్నాయి. పక్కనే ఒక కొబ్బరిచిప్ప బోర్లించి ఉంది. దాన్ని చూడగానే వకుళకు గురువుగారి బల్ల గుర్తొచ్చింది.

"ఇది చెలమ. వంకలో పారేది మట్టినీళ్ళు, పశువులు తాగుతాయి. మేం తాగేది ఇసకలో వడకట్టుకున్న నీళ్ళు. ఇప్పుడు మోకాటిలోతు. సంక్రాంతి దాటితే వంక నిలిచిపోతాది, అప్పుడు నడుంలోతు. శివరాత్రి పోయినాక మనిషిలోతు. వైశాఖంలో ఇద్దరు మనుషుల లోతు. అప్పట్లో అంతే. కొళాయి లేదు గదా" అంటూ ఓబులమ్మ ఇసుకలో చతికిలబడింది. "అంత లోతుకు లావుగా ఉండేవాళ్ళు దిగరాదు. అడుగు పడితే అంచు జారతాది. సన్నంగా, తేలిగ్గా ఉండే ఆడపిల్లను చూసి దించేవాళ్ళం. అది లోపల చిప్పతో తోడి బిందె నింపితే, మెట్టుకొకరు నిలబడి పైకి అందుకునేది. మా కొట్టాల్లో అందరికన్నా సన్నం నా బిడ్డ ఈరమ్మ."

ఈరమ్మ పేరు వినగానే పినాకపాణి కొంచెం దూరం జరిగి, నీటి అంచున అటు తిరిగి నిలబడ్డాడు.

"నోరు మంచిది కాదులే దానిది" అని ఓబులమ్మ ఒక క్షణం మురిసిపోయింది. "రోజూ దాన్నే దించుతా ఉంటే నాకు కడుపు తరుక్కుపోయేది. నాలుగు ముద్దలు ఎక్కువ తినవే, లావైతే ఇంకెవుర్నైనా దించుతారు అంటి ఒకనాడు. నేను లావైతే మీరందరూ దప్పికతో సస్తారు, నాకు ఆ పాపమేల అనె."

అట్లాంటి ఈరమ్మ గుమ్మం ముందుకే, ఇట్లాంటి కార్తీకంలోనే, నలభై ఏళ్ళ కిందట ఒక జీపు వచ్చింది. అందులో ఇరవై ఆరేళ్ళ పినాకపాణి ఉన్నాడు. పొద్దున పెద్దఊళ్ళో కొబ్బరికాయ కొట్టి, సర్పంచి ఇంట్లో భోజనం చేసి, నాలుగు ఊళ్ళు తిరిగి, సాయంత్రానికి ఇక్కడికి చేరాడు. జీపు దిగకుండానే, నీళ్ళు ఎక్కడివమ్మా అని అడిగాడు. వంకలోవి సారూ అని ఈరమ్మ చెయ్యి చూపింది. వంక తళతళమంటూ పారుతోంది. ఆయన ఐదో గడిలో టిక్కు పెట్టాడు.

"దిగి ఒక చెంబు నీళ్ళు తాగిపోండి సారూ అనింది నా బిడ్డ" అంది ఓబులమ్మ. "ఈయప్ప వద్దనె. ఇప్పుడు కాదు సారూ, వైశాఖంలో ఒకతూరి రాండి, మా నీళ్ళు అప్పుడు చూడల్ల అనింది. తప్పకుండా వస్తానమ్మా అనె. జీపు పాయె. చెంబుతో తెచ్చిన నీళ్ళు దానిమ్మ చెట్టుకు పోసి, ఈ సారుకు దప్పిక లేదమ్మా, ఇంగ మన దప్పిక ఏం తెలుస్తాది అనింది. ఊరికే అనింది పాపా. నగతా అనింది."

ఉగాదిలోపల నివేదిక పైకి పోయింది. నారవంక కొట్టాల ఎదుట 'అవసరం లేదు' అని పడింది. వైశాఖంలో చెలమ ఇద్దరు మనుషుల లోతుకు దిగింది. ఒకనాడు పొద్దున, మూడో బిందె పైకి అందిస్తుండగా ఇసుక కూలింది. మెట్ల మీద నిలబడ్డ ఇద్దరూ దూకి బయటపడ్డారు. అడుగున ఉన్న ఈరమ్మ మీద ఇసుక పడింది. కొట్టాల్లో ఉన్న వాళ్ళంతా చేతులతో, చేటలతో, మట్టి సట్లతో తోడారు. తోడేకొద్దీ ఇసుక జారింది. తీసేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. చిప్ప చేతిలోనే ఉంది.

వంక పారుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"మూడో దినం ఈయప్ప వచ్చినాడు" అంది ఓబులమ్మ, గొంతు తగ్గించి. "జీపు లేదు. పెద్దఊరి నుంచి నడుచుకుంటా వచ్చినాడు. చెప్పుల్లేవు. నా గుమ్మంలో నిలబడినాడు. లోపలికి పోయి చెంబు తెచ్చి ఇస్తి."

"నీళ్ళిచ్చావా అవ్వా?" అంది వకుళ. "ఆయనకా?"

"ఏం చేయాల? ఎండలో పడి వచ్చినాడు. తిట్టేదానికైనా ముందు నీళ్ళియ్యాల గదా. తాగినాక తిడదామనుకుంటి. తాగతా తాగతా ఏడిసినాడు. ఇంగేం తిట్టేది?" ఓబులమ్మ ఇసుకలో వేలితో గీతలు గీసింది. "ఆ నీళ్ళూ చెలమవే. పక్కన ఇంకోటి తవ్వుకున్నాం. ఏం జేస్తాం, బతికుండేవాళ్ళకు దప్పిక ఆగదు గదా. ఆ చిప్ప ఈయప్పకే ఇచ్చి పంపిస్తి. ఇంట్లో ఉంటే నేను అన్నం తినలేనని."

తర్వాతి ఏడు కొళాయి వచ్చింది. ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చాడో పినాకపాణి ఎప్పుడూ చెప్పలేదు. ఓబులమ్మ ఆ కొళాయి నీళ్ళు ఇల్లలకడానికి, కుడితికి వాడుకుంటుంది. తాగడానికి మాత్రం వంక పారినన్నాళ్ళూ ఈ మోకాటిలోతు చెలమ తనే తవ్వుకుంటుంది. వంక ఎండిన నెలల్లో పక్కింటి కోడలు కొళాయి నీళ్ళు తెచ్చి కుండలో పోస్తుంది. అవి ఎక్కడివని ఈమె అడగదు, ఆమె చెప్పదు.

"కొళాయి మంచిదే పాపా. తిప్పితే వస్తాది" అంది ఓబులమ్మ లేచి నిలబడుతూ. "నా బిడ్డ తరవాత వచ్చింది, అంతే."

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డప్పుడు వకుళ చిన్న పుస్తకం తెరిచి, పొద్దున రాసుకున్న వరస చూసుకుంది. ఆధారం వంక, కొళాయి, దూరం ఎనభై గజాలు, కొరత లేదు. కొళాయి అన్న మాట ఒక్కటి తప్ప, నలభై ఏళ్ళ కిందట ఆయన రాసింది కూడా ఇదే అయి ఉంటుంది. ఆ వరస మీద గీత కొట్టింది. గీత సరిపోలేదనిపించి మళ్ళీ కొట్టింది, కాగితం చిరిగేదాకా.

"ఫారంలో చెలమకు గడి ఇప్పటికీ లేదు సార్" అంది చివరికి.

"నాకు చేతనైనన్నాళ్ళూ, నేను పట్టుకెళ్ళిన ప్రతి ఫారం మీదా ఆరో గడి చేత్తో గీసుకున్నానమ్మా. అచ్చులోకి ఎక్కించడం నావల్ల కాలేదు. నేను దిగిపోయాక గీసేవాళ్ళు లేరు."

"రెండువేలు అచ్చయిపోయాయి. నేనూ చేత్తోనే గీస్తాను, అది సరే. కానీ వైశాఖం సంగతి? ఉగాదిలోపల నివేదిక అడుగుతున్నారు. ఎండాకాలం చూశాకే రాస్తానంటే పైవాళ్ళు ఒప్పుకోరు సార్. నన్ను పక్కనపెట్టి ఇంకొకరికి ఇస్తారు."

"ఇవ్వొచ్చు" అన్నాడు పినాకపాణి. దూరంగా దుమ్ము లేచింది, బస్సు వస్తోంది. "ఆ ఏడు నేను గడువు అడిగి ఉంటే ఒప్పుకునేవాళ్ళో లేదో, నాకు ఈనాటికీ తెలియదమ్మా."

"ఎందుకు తెలియదు?"

"అడగలేదు."

బస్సు వచ్చి ఆగింది. వకుళ మెట్టు మీద కాలు పెట్టబోయి, భుజం తడుముకుని ఉలిక్కిపడింది. నీలం బాటిల్ ఓబులమ్మ మంచం మీదే ఉండిపోయింది. పరుగున వెళ్ళి తెచ్చుకోవాలా, బస్సెక్కాలా అని వెనక్కి తిరిగి ఆయన ముఖం చూసింది. ఆదివారం మధ్యాహ్నం. రేపు పొద్దున్నే కొబ్బరికాయ, బ్యానరు, జీపు, నలభై ఊళ్ళు.

"సార్, రేపు ఎలా మొదలుపెట్టను?"

ముసలాయన ఆమెకంటే ముందు బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, తనపక్క చోటు చూపించాడు.

"దప్పికతో వెళ్ళు" అన్నాడు.

అంతే పిల్లలూ. పొద్దు గుంకుతోంది, లేవండి. సంచులు మరిచిపోకండి. ఇళ్ళకు పోయి కాళ్ళు కడుక్కుని అన్నం తినండి. ఈ పూటకి మాత్రం కంచం ముందు కూర్చుని నీళ్ళో అని కేక వేయకండి. మీరే లేచి ముంచుకోండి.